ఆదర్శ గుంత, ఆకుపచ్చ నీళ్లు

రిటైరయ్యాక నాకు మిగిలిన జబ్బు ఒక్కటే. ఎవరింటికి వెళ్లినా మంచినీళ్లు ఇస్తారు గదా, గ్లాసు చేతికి రాగానే ముందు వాసన చూస్తాను. మా ఆవిడ పక్కన ఉంటే మోచేత్తో పొడుస్తుంది. మొన్న వియ్యాలవారి ఇంట్లోనూ అదే పని చేశాను. వియ్యపురాలు మొహం మాడ్చుకుని లోపలికి వెళ్లి గ్లాసు మార్చి తెచ్చింది. దాన్నీ వాసన చూశాను. ప్రభుత్వం నన్ను ఇంటికి పంపింది గానీ నా ముక్కుకు ఆ సంగతి ఇంకా తెలియలేదు.

ఈ అలవాటు వెనక ఒక ఊరి కథ ఉంది. వాననీళ్లు ఇంకించాలి, ఎండిన బోర్లను బతికించాలి అని ఫోన్లలో వీడియోలు పెడుతున్న కుర్రకారు మీద నాకు గౌరవమే. కానీ గడ్డపార భుజాన వేసుకుని బయల్దేరే ముందు కాస్త కూర్చుని ఇది వినండి. ఊళ్లను సోమరులు పాడుచేస్తారని అంటుంటారు. నేను చూసిన ఈ ఒక్క ఊరి నీళ్లను మాత్రం బాగా ఉత్సాహం ఉన్న మనిషే పాడుచేశాడు.

భూమి లోపల నీళ్లు ఎంత ఉన్నాయి, ఎలా ఉన్నాయి అని చూసే ఆఫీసులో నా ఉద్యోగం. మార్కాపురంలో మకాం పెట్టి అటు గిద్దలూరు దాకా, ఇటు హనుమంతునిపాడు దాకా తిరిగేవాళ్లం. బోర్లలోకి టేపు వదిలి నీటిమట్టం కొలవడం, సీసాల్లో నీళ్లు పట్టి ల్యాబుకు పంపడం, మిగిలిన టైములో రైతుల చేత తిట్లు తినడం మా పని. ఇక్కడ నీళ్లు పడతాయి అని చెప్పి పడకపోతే తిడతారు. పడవు అని చెబితే బోరు వేయకముందే తిడతారు. నేను రెండోదే మేలనుకునేవాణ్ణి, తొందరగా అయిపోతుంది.

ఆఫీసులో ముగ్గురం కలిసి తిరిగేవాళ్లం. మొదటివారు మా పెద్దసారు. బంగారంలాంటి మనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అనరు. తనను ఎవరూ అనకూడదని ఆయన ఏ విషయమూ గట్టిగా చెప్పరు కూడా. "వానలు పడొచ్చు, పడకపోవచ్చు, రెండిటికీ సిద్ధంగా ఉండాలి" అనేది ఆయన ప్రసంగాల్లో అన్నిటికంటే ఘాటైన మాట. ఆయనకున్న ఒకే ఒక సరదా శాలువాలు కప్పడం. జీపు వెనక సీటులో ఎప్పుడూ నాలుగైదు మడతపెట్టి ఉండేవి.

రెండోవాడు ల్యాబులో నీళ్లు పరీక్షించే మిత్రుడు. పనిమంతుడు, కానీ ఏడాది పొడుగునా పడిశం. నీళ్లకు రంగు, రుచి, వాసన మూడూ చూసి రాయాలి. రంగు చూసేవాడు. వాసన దగ్గరికి వచ్చేసరికి సీసా నా ముక్కు కింద పెట్టి, "నువ్వు చూసి చెప్పు, నేను రాసుకుంటా" అనేవాడు. అట్లా ఆ ఆఫీసుకు నేనే ముక్కునయ్యాను.

ఇక ఊరి సంగతి. అర్ధవీడు మండలంలో ఉంది, పేరు చెప్పను. వాళ్లు ఇప్పుడు బాగానే ఉన్నారు, ఎందుకు బజారుకీడ్చడం. ఊళ్లో సగం వ్యవసాయదారులు, సగం గొర్రెల కాపరులు. ఉన్న బోర్లలో ఒక్క దాని నీళ్లే తియ్యగా ఉంటాయి. మిగతావన్నీ పళ్లకు గారపట్టించే రకం. ఆ మంచి బోరు దగ్గర ఊరికి ట్యాంకు, దాని పక్కన గొర్రెలకు, గొడ్లకు ఒక సిమెంటు తొట్టి. ఎండాకాలంలో చుట్టుపక్కల కుంటలన్నీ ఎండితే ఆ తొట్టే మందలకు దిక్కు.

ఆ బోరుకు ఎగువన, ఒక కేక దూరంలో, ఊరి పెద్ద రైతు చేను. ఆయన్ని ఊరంతా మామ అంటుంది. వయసులో ఆయనకంటే పెద్దవాళ్లు కూడా మామా అనే పిలుస్తారు, కాబట్టి మనమూ అట్లాగే అనుకుందాం. మామ చేలో ఒక బోరు ఎండిపోయి పడి ఉంది. మేము ఊరికి వెళ్లి సభ పెట్టి, ఎండిన బోరు చుట్టూ గుంత తీసి, అడుగున పెద్ద రాళ్లు, ఆపైన కంకర, దానిపైన ఇసుక నింపితే వాననీళ్లు వడకట్టుకుని లోపలికి దిగుతాయని చెప్పాం. మరుసటి వారానికల్లా మామ గుంత సిద్ధం. పెద్దసారు పొంగిపోయి ఊరందరి ముందు శాలువా కప్పి ఆదర్శ రైతు అన్నారు. ఆ ఫోటో పేపర్లో కూడా వచ్చింది.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. ఊరి బోరులో మట్టం పైకి వచ్చింది. చుట్టుపక్కల అన్ని ఊళ్లలోనూ వచ్చింది. కానీ మామ లెక్కలో అది తన గుంత పుణ్యమే. గుంత దగ్గర తన నిలువెత్తు ఫోటోతో ఫ్లెక్సీ కట్టించాడు. ఊరి బోరుకు ప్రాణదాత అని దాని మీద రాయించాడు. ఫోటోలో మామ చూపుడువేలు కిందికి, గుంత వైపు చూపిస్తుంటుంది.

అప్పటినుంచి ఊళ్లో ఎవరూ ప్రశాంతంగా దాహం తీర్చుకోలేదు. టీ దుకాణం దగ్గర ఎవరైనా చెంబెత్తితే చాలు, మామ అక్కడ ప్రత్యక్షం. "తియ్యగుండాయా? నా నీళ్లే అవి. నా చేలో దిగి, ఆడికి పోతాండాయి" అనేవాడు. పెళ్లి భోజనాల్లో వంటవాణ్ణి పొగిడితే, "చారులో నీళ్లు ఎవురివి మరి?" అని అడిగేవాడు.

ఇంత చెప్పాక మీకు ఊహకొచ్చే ఉంటుంది. తర్వాతి ఏడాది తొలకరి పడిన కొన్నాళ్లకు, దగ్గరి కుంటలు ఇంకా నిండకముందే, ఆ బోరు నీళ్లు వాసన కొట్టడం మొదలైంది.

ఫిర్యాదు వస్తే నేనూ ల్యాబు మిత్రుడూ వెళ్లాం. సీసాలో పట్టి నా ముక్కు కింద పెట్టాడు. నేను వాసన చూసి, "గొర్రెలు" అన్నాను.

"నీళ్ల సంగతి అడుగుతున్నా" అన్నాడు, ముక్కు చీదుకుంటూ.

"నేనూ నీళ్ల సంగతే చెబుతున్నా."

పరీక్షలో నైట్రేటు పెరిగినట్టు, పేడలో ఉండే క్రిములు ఉన్నట్టు తేలింది. ఆ నీళ్లు తాగొద్దని బోరు దగ్గర బోర్డు పెట్టాం. మనుషులకు ట్యాంకరు ఏర్పాటు చేశారు. కానీ గొర్రెల వాసన అన్న నా మాట ఎట్లా పాకిందో, సాయంత్రానికి ఊరు రెండు ముక్కలైంది. తొట్టి దగ్గర మందలు తొక్కి, మూత్రాలు పోసి, అదంతా బోరులోకి దిగిందని వ్యవసాయదారులు తేల్చేశారు. ఆ మాట మొదట అన్నది మామే. అనడమే కాదు, బోరు దగ్గర నిలబడి తీర్పు కూడా చెప్పాడు.

"నా నీళ్లను గబ్బు చేసినోళ్లు ఎవురైనా సరే, వాళ్లు ఇంక ఈ బోరు కాడికి రాగూడదు. తొట్టి మూసేయండి. బోరు బాగైనాక గూడా గొర్లు ఈడికి రాగూడదు, అంతే."

అప్పుడు కాపరుల వైపు నుంచి ఒకామె ముందుకు వచ్చింది. యాభై దాటిన మనిషి, ఊళ్లో అందరికంటే పెద్ద మంద ఆమెది. ఆమె మామా అంటుంది, ఆయన కోడలా అంటాడు. చుట్టరికం పిలుపు వరకే.

"ఎవురైనా సరే అన్నావు గదా మామా, ఆ మాట మీదుండు" అంది.

"ఉండక? నేనెప్పుడు మాట తప్పినా కోడలా?"

ఆమె నా వైపు తిరిగింది. "సారూ, తొట్టి లేకపోతే రెండూర్ల అవతల కుంటకు తోలుకపోవాల. పొద్దున పోతే మాపటికి వస్తాం. పిల్లగొర్లు దోవలోనే పడిపోతాయి. ఇట్లనే జరిగితే మంద అమ్ముకోవాల్సిందే మేము. మీరు చదువుకున్నోళ్లు గదా, వాసన యాడనుంచి వస్తాందో చూసి చెప్పిపోండి. మాదే తప్పయితే మేమే పోతాం ఊరొదిలి."

ఆమె గొంతులో బతిమాలడం లేదు. కోపంగా, నేనే తొట్టి మూసినట్టు అడిగింది. నాకు నిజంగానే బాధనిపించింది. ఎందుకంటే తొట్టి కాదని నాకు అప్పుడే అనుమానం. తొట్టి బోరుకు దిగువన ఉంది. చుట్టూ సిమెంటు గచ్చు ఉంది, ఒలికిన నీళ్లు ఇంకా కిందికి పారిపోతాయి. ఎగువన ఏముందో చూడాలి. ఎగువన మామ ఫ్లెక్సీ గాలికి ఊగుతూ కనిపిస్తోంది.

మర్యాదకు మామ ఇంటి దగ్గర కాఫీ తాగి చేనుకు వెళ్లాను. మామ వెంట వచ్చి, గుంత చూడ్డానికి వచ్చే అందరికీ చూపించినట్టే నాకూ చూపించాడు. తొంగి చూస్తే రాళ్లు కనిపిస్తున్నాయి. రాళ్ల మధ్య బోరు గొట్టం నోరు తెరుచుకుని ఉంది.

"పెద్దాయనా, ఇసుక ఏది?"

"తీసేసినా సార్. కంకర గూడా. అవుంటే నీళ్లు నిదానంగా దిగుతుండాయి. నేను వీడియో తీద్దామంటే అట్లనే నిలబడి నా దిక్కు చూస్తుండాయి. చూసేవాళ్లకు ఏం బాగుంటాది? ఇప్పుడు చూడండి, గుడగుడమని పోతాయి."

"ఆ ఇసుక ఏం చేశారు?"

"ఇంటి ముందర అరుగు కట్టించినా. ఇందాక మీరు కాఫీ తాగింది దాని మీదే."

నా ఉద్యోగంలో నీళ్లు వడకట్టే ఇసుక మీద కూర్చుని కాఫీ తాగడం అదే మొదలు. గుంత చుట్టూ నేల చూశాను. నల్లగా, మెత్తగా ఉంది. గొర్రెల పెంటికలు కాలు పెట్టే సందు లేకుండా ఉన్నాయి.

"ఇక్కడ మంద పెట్టించారా?"

మా ప్రాంతం కానివాళ్లకు చెప్పాలి. ఎండాకాలంలో ఖాళీగా ఉన్న చేలలో గొర్రెల మందను రాత్రిళ్లు పండబెడతారు. పేడ, మూత్రం చేనుకు ఎరువు. రైతే కాపరులకు కూలి ఇచ్చి పిలిపించుకుంటాడు.

"ఎండాకాలమంతా మా కోడలి మందే పెట్టించినా" అన్నాడు మామ ఉత్సాహంగా. "అట్లాంటి ఎరువు యాడ దొరుకుతాది సార్? చేను వాలు గూడా గుంత దిక్కుకే సరిచేయించినా. వాన పడితే ఈ చేలో పడిన నీళ్లన్నీ గుంతలోకే. ఒక్క చుక్క బయటికి పోనీను."

ఆయన తన నేరాన్ని పూస గుచ్చినట్టు, ముచ్చటగా వివరిస్తున్నాడు. నేను తల ఊపుతూ నిలబడ్డాను.

పిల్లలకు ఒక్క ముక్క చెప్పి ముందుకు వెళ్తాను. మట్టిలో నుంచి నీళ్లు నిదానంగా దిగితే, మట్టే వాటిని చాలావరకు కడుగుతుంది. ఆ నిదానమే దాని పని. మా వైపు నేల కింద పలకరాయి ఉంటుంది, పొరలు పొరలుగా. నీళ్లు ఆ పొరల సందుల్లో, పగుళ్లలో నిలుస్తాయి. ఇసుక నేలలో లాగా అక్కడ వడకట్టేది ఏమీ లేదు. పగులులోకి ఏది దిగితే అది అట్లాగే పక్క బోరుకు పోతుంది. అందుకే పైన ఇసుక వేయమన్నాం, గొట్టం నోరు మూసి పక్క చిల్లుల్లోంచే నీళ్లు దిగేలా చేయమన్నాం, పేడ, మురుగు, పురుగుమందుల డబ్బాలు దగ్గరికి రానీయొద్దన్నాం. మామ వీడియో కోసం ఆ వడపోత కాస్తా తీసేసి, ఎండాకాలమంతా పేరుకున్న ఎరువును తొలకరి నీళ్లతో కడిగి నేరుగా బోరు గొట్టంలో పోశాడు.

పెద్దసారుకు ఫోన్ చేసి చెప్పాను.

"శాలువా కప్పిన ఫోటో పేపర్లో వచ్చింది గదయ్యా" అన్నారు.

"వచ్చింది సార్."

"అందులో నేను నవ్వుతున్నాను కూడా." ఆ వెంటనే, "కారణం అది కావొచ్చు, కాకపోవచ్చు. నువ్వైతే నోటితో ఏమీ అనొద్దు" అన్నారు.

నేను అని మాత్రం ఏం లాభం? ఆ ఊళ్లో నా మాట కంటే మామ మాట బరువు. కాపరులను వెనకేసుకొస్తున్నానని నన్నే బయటికి పంపేస్తారు. అప్పుడు ల్యాబు మిత్రుడు ముక్కు తుడుచుకుంటూ, "రంగు పోసి చూద్దాం" అన్నాడు. నేల కింద నీళ్లు ఎటు నుంచి ఎటు పోతున్నాయో చూడ్డానికి అదొక పద్ధతి. అనుమానం ఉన్న చోట మనుషులకు, పశువులకు హాని లేని రంగు కలిపిన నీళ్లు పోసి, బోరులో తేలుతుందేమో చూడడం. బోరు నీళ్లు ఎట్లాగూ ఎవరూ తాగడం లేదు.

నేను మామ దగ్గరికి వెళ్లి, "మీ గుంత నీళ్లు ఊరి బోరుకు పోతున్నాయని మీరంటారు గదా. అందరి ముందు రుజువు చేసి చూపిద్దామా?" అని అడిగాను.

మామ మొహం వెలిగిపోయింది. "ఇన్నాళ్లకు ఒక్క ఆఫీసరు అడగాల్సిన మాట అడిగినాడు. ఎప్పుడు పెడదాం సార్?"

"తొట్టి దగ్గర ఎర్ర రంగు పోస్తాం. మీ గుంతలో ఆకుపచ్చ రంగు. ఏది బోరులో తేలితే నీళ్లు అక్కణ్ణించి వస్తున్నట్టు."

"రెండూ తేలుతాయి చూడండి. నీళ్లు నావి, గబ్బు వాళ్లది" అన్నాడు.

ఆ రోజు పెద్దసారు కూడా వచ్చారు. రావొచ్చు, రాకపోవచ్చు అంటూనే వచ్చారు. జీపును మాత్రం ఊరి బయటికి తిప్పి పెట్టించుకున్నారు. జనం తిరునాళ్లకు వచ్చినట్టు వచ్చారు. మామ ఇస్త్రీ పంచె కట్టుకుని, మెట్ట చేలోని తన బోరు నుంచి ట్రాక్టరు ట్యాంకరుతో నీళ్లు తెప్పించాడు. ముందుగా తొట్టి కడుపు నిండా నీళ్లు నింపి ఎర్ర రంగు కలిపి, గచ్చంతా ఒలికించాం. తర్వాత చేలోకి వెళ్లి గుంతలో ఆకుపచ్చ రంగు వేసి, మామ చేతుల మీదుగానే ట్యాంకరు కుళాయి తిప్పించాం. ఆయన అన్నట్టే నీళ్లు గుడగుడమని దిగిపోయాయి. మామ వీడియో తీసుకున్నాడు.

ఇక మోటారు వేసి బోరు దగ్గర కూర్చున్నాం. పైపు నుంచి తెల్లటి నీళ్లు వస్తూనే ఉన్నాయి. మధ్యాహ్నం మామ ఇంటి నుంచి సంగటి, శనక్కాయల పచ్చడి వచ్చాయి. పెద్దసారు రెండోసారి వడ్డించుకున్నారు. కోడలు ఏమీ తినలేదు, ఎర్రబడిన తొట్టికి ఎదురుగా మోకాళ్లు పట్టుకుని కూర్చుంది. ఆమె చూపు పైపు మీద నుంచి కదల్లేదు. ఎర్ర చుక్క ఒక్కటి కనిపిస్తే ఆమె మంద అమ్ముకోవాలి. నేను లెక్కప్రకారం ధైర్యంగా ఉండాలి గానీ, నేల కింద పగుళ్లను నమ్మలేం. ఎంత చదివినా అవి ఎటు తిరుగుతాయో పైనుంచి కనిపించదు. నేనూ పళ్లెం పక్కన పెట్టి పైపు వైపే చూశాను.

నీడలు సాగుతున్న వేళ ల్యాబు మిత్రుడు గాజు సీసా పట్టి ఎండకు ఎత్తాడు. "చూడు" అన్నాడు. చాలా లేతగా, ఉందా లేదా అన్నట్టు ఆకుపచ్చ. కాసేపటికి సీసా అక్కర్లేకపోయింది. పైపు నుంచి పడుతున్న ధార అంతా గోరింటాకు కలిపినట్టు పచ్చగా మారింది.

మామ లేచి నిలబడ్డాడు. చేతిలో ఫోన్ పైకెత్తి, ఊరందరి వైపు తిరిగి గట్టిగా అన్నాడు.

"చూసినారా? నేను చెప్తాంటే నవ్వినారే. నావే, ఈ నీళ్లు నావే. ఒక్కో చుక్క నా గుంతదే."

జనం పచ్చటి ధారనూ ఆయన్నూ మార్చి మార్చి చూశారు. మామ నవ్వుతూ అటూ ఇటూ చూశాడు. ఆ నవ్వు మెల్లగా సన్నబడడం నేను దగ్గర్నుంచి చూశాను.

కోడలు చీర కొంగు దులుపుకుని లేచింది.

"అవు మామా, నీవే" అంది నిదానంగా. "కాదని ఎవురన్నారు? నీళ్లు నీవైతే, దాంట్లో గబ్బు ఎవురిది మరి?"

ముందు ఎవరో ఆడమనిషి కిసుక్కుమంది. తర్వాత ఊరంతా నవ్వింది. పెద్దసారు నవ్వు ఆపుకోలేక జీపు వైపు నడిచారు. మేము చీకటి పడేదాకా చూశాం, ఎర్ర రంగు జాడ లేదు. ఆ తర్వాతి రోజుల్లోనూ రాలేదు.

మామ తొట్టి గట్టు మీద కూలబడ్డాడు. నేను గొట్టం గురించి, ఇసుక గురించి, చేలో మంద గురించి అందరికీ విడమరిచి చెప్పాను. ఆయన తల వంచుకుని విన్నాడు. నాకు జాలేసింది. ఇంతకాలం ఆ ఊళ్లో నీళ్ల కోసం ఖర్చుపెట్టినవాడు, చెమటోడ్చినవాడు ఆయనొక్కడే. మిగతావాళ్లు సభలో మా పెసరట్లు తిని వెళ్లిపోయారు.

ఎవరో కుర్రాడు, "ఎవురైనా సరే బోరు కాడికి రాగూడదన్నావు గదా మామా" అన్నాడు.

"అన్నా" అన్నాడు మామ. "మాట మాటే. ఏం జేయాలో కోడలే చెప్పనీ."

కోడలు ఆలోచించింది. "నిన్ను నీళ్లు లేకుండా చేసి నేనేం జేసుకుంటా? రేపు మాతో కుంటకు రా. మా గొర్లు నడిచే దోవ నువ్వు గూడా ఒకసారి నడువు. అంతే చాలు."

మరునాడు మామ గొడుగేసుకుని మంద వెనక నడిచాడు. నేను చూడలేదు, ఊరంతా చూసి నాకు చెప్పింది. పోయేటప్పుడు గొర్రెలను అదిలించే కేకలు కూడా నేర్చుకున్నాడట. వచ్చేటప్పుడు గొడుగు మడిచి ఊతకర్ర చేసుకున్నాడు, చంకలో ఒక గొర్రెపిల్ల. అది దోవలో పడిపోతే ఎత్తుకున్నాడు. తెల్లారి ట్రాక్టరు ట్యాంకరు నింపుకుని నేరుగా తొట్టి దగ్గరికి తోలుకొచ్చాడు. "గొర్ల మీద ప్రేమతో గాదు, నా మోకాళ్లు పోయినాయి" అని అందరికీ చెప్పాడు. బోరు బాగయ్యేదాకా రోజూ తోలాడు.

బాగు చేయడం మామూలు పని. గుంత తోడేసి, పేడమట్టి ఎత్తి దూరంగా పోయించాం. గొట్టానికి మూత బిగించి, చుట్టూ మళ్లీ రాళ్లు, కంకర, ఇసుక నింపాం. అరుగు పగలగొట్టి ఇసుక తీద్దామని మామ అన్నాడు గానీ వాళ్లావిడ ఒప్పుకోలేదు, కొత్త ఇసుక కొన్నాడు. పారి వచ్చే నీళ్లలోని మట్టి ముందే అడుక్కు చేరడానికి పక్కన చిన్న గుంత తీశాం. మంద పెట్టే చోటును చేను దిగువ కొసకు మార్చాం. ఊరి బోరును రోజుల తరబడి తోడించి, క్లోరిన్ మందు వేసి కడిగాం. సీసా మీద సీసా పట్టాం, ప్రతిదానికీ నా ముక్కే.

మామ గొప్పలు తగ్గాయనుకుంటే పొరపాటు. కొద్ది రోజులు ఊరుకున్నాడు. తర్వాత టీ దుకాణం దగ్గర మళ్లీ మొదలుపెట్టాడు. "ఊరి నీళ్లు చెడగొట్టింది నేనే, బాగుచేసింది నేనే. ఈ మండలంలో రెండూ చేసినోడు ఇంకోడు ఉంటే చూపించండి" అనేవాడట. మేము వేరే ఊళ్లకు సభలకు వెళ్తే వెంట వచ్చి, ఏం చేయకూడదో తనే చెప్పేవాడు. మాకంటే ఆయన మాటే జనం శ్రద్ధగా వినేవాళ్లు.

చివరికి ల్యాబు మిత్రుడు, ఇక తాగొచ్చు అన్నాడు. బోరు తెరిచే రోజు పెద్దసారు ప్రారంభోత్సవం పెట్టారు. షామియానా వేయించారు. ఆయన అందరి ముందూ మొదటి గ్లాసు తాగాలి, ఫోటో తీయాలి, అదీ ఏర్పాటు. మోటారు వేశారు. స్టీలు గ్లాసు కడిగి పెద్దసారు చేతికిచ్చారు. ఆయన పైపు దగ్గరికి వంగబోతుంటే మామ అడ్డం వచ్చాడు.

"ఒక్క నిమిషం ఆగండి సార్. ముందు తొట్టి నింపనీయండి."

"తొట్టి తర్వాత నింపొచ్చు గదా" అన్నారు పెద్దసారు.

"నింపొచ్చు సార్. కానీ ముందు గొర్లు తాగాల. ఆ కుంటకు నడిచొచ్చినోణ్ణి గదా, నాకు తెలుసు." మామ పైపును తనే లాగి తొట్టిలో పెట్టాడు. వెనక్కి తిరిగి కేకేశాడు. "కోడలా, తోలుకరా."

కోడలు షామియానా వెనకాల మందతో నిలబడి ఉంది. ఒక్క క్షణం కదల్లేదు. ఊరు ఊరంతా బిందెలతో నిలబడి ఉంది, ఎవరూ కాదనలేదు. దోవ ఇచ్చారు. ఆమె మందను తోలుకుంటూ మామ పక్కకు వచ్చి ఆగింది. కళ్లు తుడుచుకుంటూనే తిట్టింది.

"ఈ బుద్ధి మొదుట్నే ఉంటే ఏమయ్యేది మామా?"

"మొదుట్నుంచీ ఉందిలే కోడలా. గుంతలోనే కొంచెం లోటు" అన్నాడు మామ.

గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ మూతులు పెట్టాయి. నా సర్వీసులో బోర్లలో నీళ్లు పడినప్పుడు రైతులు చిందులు వేయడం చూశాను, దండలు కూడా వేయించుకున్నాను. అప్పుడెప్పుడూ రానిది, ఆ మంద తాగుతున్న చప్పుడు వింటుంటే నాకు ఏడుపు వచ్చింది. పెద్ద మంద గదా, చాలాసేపు పట్టింది. మా పెద్దసారు ఖాళీ గ్లాసు పట్టుకుని, చివరి గొర్రెపిల్ల తాగేదాకా వరసలో నిలబడ్డారు.